తోట కుంటకి గుర్రపు డెక్క పట్టిందా? తీసే ముందు ఇది చదవండి

వీడియోలో మీరు చూసిన కుంట మా మామిడి తోటలోదే, నూజివీడు దగ్గర. విస్తీర్ణం 8 సెంట్లు, నిండితే మధ్యలో ఆరడుగుల లోతు. ఇప్పుడు నీళ్ళు తేటగా కనిపిస్తున్నాయి, ఒక పక్కన కలువలు ఉన్నాయి. అది చూసి చాలామంది "ఏం మందు కొట్టారు?" అని అడుగుతున్నారు. మందు ఏమీ కొట్టలేదండి. అలాగని ఒక్కసారిలో బాగుపడిందీ కాదు. రెండుసార్లు డబ్బు తగలేసి, మూడోసారి దారిలో పడ్డాం. ఆ రెండు తప్పులు వీడియోలో చెప్పడానికి టైం సరిపోలేదు. నిజానికి మీకు పనికొచ్చేది అవే.

ఈ కుంట మా తాత తవ్వించింది. బోరు పడ్డాక దాని అవసరం తగ్గిపోయింది, ఎవరూ అందులో దిగడం మానేశారు. ఎక్కణ్ణుంచో గుర్రపు డెక్క వచ్చింది, గట్ల వెంట జమ్ము లేచింది. నేను డిప్లొమా అయిపోయి వచ్చేసరికే పైనుంచి చూస్తే పచ్చిక మైదానంలా ఉండేది. అదే ప్రమాదం అయింది. 2021 నవంబరులో మా ఆవుదూడ అది నేల అనుకుని మేతకి అడుగు పెట్టింది, రెండో అడుగుకి మునిగిపోయింది. నాన్న, నేను తాడు వేసి లాగేసరికి దాని ముక్కు మాత్రమే పైన ఉంది. బతికింది. కానీ ఆ రోజు అందరికీ ఒకటే ఆలోచన: దూడ సరే, ఇంట్లో నాలుగేళ్ళ పిల్ల కూడా ఉంది కదా అని. మీ కుంట ఇలా నిండి ఉంటే ఏ పనీ మొదలుపెట్టకముందే చుట్టూ ముళ్ళకంపో, నాలుగు కర్రలు పాతి తీగో కట్టేయండి.

మొదటి తప్పు: తొందర

2022 ఫిబ్రవరిలో పదిమందిని పెట్టి ఒక్క రోజులో మొత్తం లాగించేశాం. తాడు అటూ ఇటూ పట్టుకుని వలలా లాగారు. సాయంత్రానికి నీళ్ళు కనబడ్డాయి, ఫొటోలు తీసుకున్నాం. మూడో రోజు పొద్దున పరిగెలన్నీ తేలి ఉన్నాయి. కొరమీనులు బతికాయి, ఎందుకంటే అవి పైకొచ్చి గాలి పీల్చుకోగలవు. మిగతావాటికి ఆ సదుపాయం లేదు.

జరిగింది ఇది. గుర్రపు డెక్క చాపలా పరుచుకున్న చోట వెలుతురు దిగదు, గాలి తగలదు. అడుగున కుళ్ళిన ఆకులతో నల్లటి పూడిక ఉంటుంది. అలాంటి నీళ్ళలో ప్రాణవాయువు ముందే తక్కువ. మేం అందులో పదిమంది దిగి పూడిక కెలికేశాం. కుళ్ళిన గుడ్ల వాసన వచ్చింది చూడండి, అది హైడ్రోజన్ సల్ఫైడ్. కెలికిన బురద మిగిలిన కాస్త ప్రాణవాయువునీ తినేసింది. నీళ్ళలో ప్రాణవాయువు అన్నిటికంటే తక్కువగా ఉండేది తెల్లవారుజామున, అందుకే చేపలు పొద్దునే తేలతాయి.

మందు కొట్టినా జరిగేది ఇంచుమించు ఇదే. ఒక షాపులో నాకు 2,4-డి కొట్టమన్నారు. దానికి గుర్రపు డెక్క చస్తుంది, నిజమే. కానీ చచ్చిన మొక్క ఎక్కడికి పోతుంది? అదే కుంటలో కుళ్ళుతుంది, మళ్ళీ దాని ఎరువుకే కొత్త మొక్క లేస్తుంది. పైగా ఆ మందు తుంపర గాలికి పక్క చేలో పత్తి మీదో, టమాటా మీదో పడితే అవి ముడుచుకుపోతాయి.

రెండో తప్పు: పొక్లెయిన్

ఏప్రిల్‌కి సగం కుంట మళ్ళీ నిండింది. అనుకూలంగా ఉంటే గుర్రపు డెక్క రెండు వారాల్లో రెట్టింపు అవుతుందండి. పావు వంతు ఉన్నప్పుడు "ఇంకా టైం ఉందిలే" అనుకుంటే నెల తిరిగేసరికి మొత్తం కప్పేస్తుంది. నాకు పట్టుదల వచ్చి మేలో పొక్లెయిన్ పెట్టించాను. "వచ్చాం కదా, ఇంకో రెండడుగులు తవ్వుదాం" అన్నాడు డ్రైవరు. నేనూ సరే అన్నాను. తప్పు నాదే.

అక్టోబరుకి కుంట నిండింది. జనవరికి ఎండిపోయింది. తాతల కాలంలో ఏప్రిల్ దాకా నీళ్ళుండే కుంట అది. మాది ఎర్ర గరప నేల, నీళ్ళు నిలవని నేల. కుంటలో నీళ్ళు నిలిపింది అడుగున ఉన్న బంకమట్టి పొర. తాత రేగడి తోలించి, గేదెల్ని దింపి తొక్కించిన పొర అది. దాన్ని బకెట్టుతో చీల్చి అవతల పారేయించాను. ఆ వేసవిలో కొత్తగా పెట్టిన 40 మామిడి అంట్లకి ట్యాంకరుతో నీళ్ళు తోలాల్సి వచ్చింది. నాన్న నెలన్నర నాతో సరిగ్గా మాట్లాడలేదు.

పూడిక ఎక్కడిదాకా, బంకమట్టి ఎక్కడ మొదలు అనేది తెలుసుకోవడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. బొటనవేలు లావు వెదురు కర్ర తీసుకుని, బలం పెట్టకుండా నిలువుగా దించండి. దానంతట అది దిగినంత వరకే పూడిక. గట్టిగా అడ్డుపడిన చోట ఆగి, కర్ర చివర అంటుకున్న మట్టి చూడండి. నల్లగా, జారుడుగా, వాసన వస్తుంటే పూడిక. బూడిద రంగులోనో పసుపుగానో ఉండి వేళ్ళ మధ్య ముద్దలా సాగుతుంటే అది మీ కుంట ప్రాణం, దాని జోలికి వెళ్ళకండి. పదిచోట్ల ఇలా చూసుకుని, అడ్డుపడిన లోతు దగ్గర కర్రకి గుర్తు పెట్టుకోండి. మిషన్ పెట్టక తప్పని పరిస్థితి అయితే ఆ గుర్తుకి అరడుగు పైనే ఆపించండి, మీరు అక్కడే నిలబడి ఉండండి.

కుంట కారుతోందా, ఎండకి ఆవిరైపోతోందా అన్న అనుమానం చాలామందికి ఉంటుంది. ఒక బకెట్టులో నీళ్ళు పోసి, సగం పైగా మునిగేలా కుంట అంచున రాళ్ళ మధ్య నిలబెట్టండి. బకెట్టు లోపల ఒక గుర్తు, బయట కుంట నీటి మట్టానికి ఒక గుర్తు. వాన లేని మూడు రోజులు చూడండి. బకెట్టులో తగ్గింది ఆవిరి. బయట అంతకంటే ఎంత ఎక్కువ తగ్గితే అంత కారుడు. మా దగ్గర బకెట్టులో రోజుకి ముప్పాతిక సెంటీమీటరు తగ్గితే, బయట మూడు సెంటీమీటర్లకి పైగా తగ్గేది. 8 సెంట్ల కుంటలో ఒక సెంటీమీటరు అంటే 3,200 లీటర్లు. లెక్క వేసుకోండి, రోజుకి ఒక పెద్ద ట్యాంకరు భూమిలోకి పోయినట్టు.

2023 మేలో కుంట పూర్తిగా ఎండినప్పుడు సరిచేశాం. దెబ్బతిన్న సగభాగంలో ఊరి చెరువు రేగడి 8 ట్రక్కులు తోలి, అరడుగు మందాన పరిచి, గడ్డలు చితక్కొట్టి, తడిపి నానబెట్టాం. ఆ తర్వాత పక్కవాళ్ళ ఆరు గేదెల్ని మూడు సాయంత్రాలు అందులో తిప్పాం. అవి సంతోషంగా పొర్లాయి, మా పని అయిపోయింది. ఇది కొత్త టెక్నిక్ ఏమీ కాదు, గేదెలు దిగే చెరువు కారదని పాతవాళ్ళందరికీ తెలుసు. తొక్కించాక మట్టి ఎండి బీటలు వారకూడదు. తొలకరి ఆలస్యమైతే బోరు నీళ్ళతోనైనా తడి ఆరకుండా చూసుకోవాలి. ఆ ఏడు నీళ్ళు నిలిచాయి.

అసలు రోగం ఎక్కడుందంటే

నీళ్ళు నిలిచాయి, 2024 జనవరికి గుర్రపు డెక్క కూడా మళ్ళీ నిండింది. దాని గింజలు బురదలో పదిహేను, ఇరవై ఏళ్ళు కూడా బతికి ఉంటాయి. అడుగు ఎండి మళ్ళీ తడిస్తే మొలుస్తాయి. మేం సరిగ్గా అదే చేశాం కదా. కానీ మొలవడం వేరు, మూడు నెలల్లో కుంట కప్పేయడం వేరు. అంత బలం ఎక్కణ్ణుంచి వస్తోంది?

ఒక సాయంత్రం నాన్న గట్టు మీద నిలబడి ఈశాన్యం మూల చూపించారు. అక్కడి మొక్కలు మోకాలెత్తు, ముదురాకుపచ్చ, లావు కాడలు. దక్షిణం పక్కన ఉన్నవి చిన్నగా, పసుపుగా ఉన్నాయి. ఈశాన్యం మూలకే మా పశువుల పాక కడిగిన నీళ్ళు కాలువలో వచ్చి పడతాయి. దానికి కాస్త పైనే నేను ఘనజీవామృతం తయారుచేసి అమ్మే యూనిట్ ఉంది. కుప్పల మీద రేకు కూడా లేదు. వాన పడితే ఆ సారం మొత్తం కుంటలోకే. "ఒరేయ్, మేత పెట్టేదీ నువ్వే, మేస్తోందని ఏడ్చేదీ నువ్వే" అన్నారు.

నీటిలో నత్రజని, భాస్వరం పెరిగితే ఏమవుతుందో డిప్లొమాలో పేజీన్నర రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. కానీ పరీక్షలో రాసిన ఉదాహరణ ఎప్పుడూ యూరియా, డీఏపీలదే. మన పేడ, మన పంచితం మంచివి కాబట్టి అవి తప్పు చేయవని ఒక నమ్మకం. మొక్కకి ఆ తేడా తెలియదండి. నేలలో అమృతమైనది నీళ్ళలో పడితే కలుపుకి మేత. నాలుగు ఆవుల పాక రోజూ కడిగితే వచ్చే నీళ్ళు ఏడాది పొడవునా ఒక చిన్న కుంటలోకి పోవడం అంటే, దానికి రోజూ జీవామృతం పారించినట్టే.

కాబట్టి క్రమం మార్చండి. ముందు మేత ఆపాలి, తర్వాతే మొక్క తీయాలి. మేం పాక నీటిని మళ్ళించి ఒక గుంటలోకి వదిలాం, దాని చుట్టూ అరటి, చేమ, నేపియర్ గడ్డి పెట్టాం. అవి తాగేస్తున్నాయి, గడ్డి మళ్ళీ ఆవులకే వస్తోంది. ఘనజీవామృతం కుప్పలకి రేకుల షెడ్డు వేసి, చుట్టూ జానెడు గట్టు కట్టాం. షెడ్డుకి 42,000 అయింది. బాధగా అనిపించింది కానీ, అన్నాళ్ళూ వానకి కొట్టుకుపోయింది నేను అమ్ముకోవాల్సిన సరుకే కదా.

పైచేను వేరేవాళ్ళది, మొక్కజొన్న వేస్తారు, యూరియా వాడతారు. వాళ్ళని మానమని చెప్పలేం. వాన నీరు కుంటలోకి దిగే దారిలో ముందుగా ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల లోతు గుంట ఒకటి తవ్వాం. వచ్చే మట్టి అందులో ఆగుతుంది, ఏడాదికోసారి తీసి పాదుల్లో వేసుకుంటాం. ఆ గుంట దాటాక పదిహేనడుగుల మేర గరిక, రెండు వరసల వట్టివేరు. భాస్వరం చాలావరకు మట్టిరేణువుని అంటుకునే వస్తుంది కాబట్టి, మట్టిని ఆపితే దాన్నీ చాలావరకు ఆపినట్టే. 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో పడ్డ ఆ పెద్ద వానలకి ఆ గుంట పూర్తిగా పూడిపోయింది. అంటే అంత మట్టి కుంటలోకి పోకుండా ఆగిందన్నమాట.

తీసే విధానం

కుంటని మూడు భాగాలుగా అనుకోండి. ఒక్కో భాగానికి మధ్య పది, పదిహేను రోజులు విరామం ఇవ్వండి. చేపలు, కప్పలు, తూనీగ పిల్లలు శుభ్రం చేసిన వైపుకి సర్దుకుంటాయి, నీళ్ళు తేరుకుంటాయి. తీసిన భాగంలోకి మిగతా మొక్క కొట్టుకు రాకుండా పొడుగు వెదుళ్ళు తాడుతో కట్టి నీటి మీద అడ్డంగా తేలేయండి. గాలి ఎటు వీస్తే మొక్క అటే చేరుతుంది, దాన్ని వాడుకోండి. మా తోటలో మధ్యాహ్నానికి అంతా పడమటి గట్టుకి చేరేది, నీళ్ళలోకి దిగకుండానే పంగల కర్రతో లాగేసేవాళ్ళం. నలుగురు మనుషులు, మొత్తం ఆరు రోజులు, 9 ట్రక్కుల మొక్క.

లాగినదాన్ని వెంటనే ట్రక్కు ఎక్కించకండి. ఒక రోజు నీటి అంచునే ఉంచితే వేళ్ళలో చిక్కుకున్న చిన్న జీవాలు నీళ్ళలోకి పాకిపోతాయి, బరువు కూడా తగ్గుతుంది. గుర్రపు డెక్కలో వందకి 95 పాళ్ళు నీళ్ళే, ఆ నీళ్ళని మోయడానికి ఎందుకు కూలీ ఇవ్వడం? కానీ రెండో రోజుకి మించి ఉంచొద్దు, వాన వస్తే మళ్ళీ కుంటలోకే జారుతుంది. పక్క కాలువలో మాత్రం పారేయకండి. మీ బాధ ఇంకొకరికి చేరుతుంది, అంతే.

జమ్ముకి పద్ధతి వేరు. దాన్ని పీకడం కష్టం, దుంప వేళ్ళు లోతుగా అల్లుకుని ఉంటాయి. కానీ దానికో బలహీనత ఉంది. బురదలో ఉన్న దుంపకి గాలి అందేది పైనున్న ఆకుల గుండానే. నీటి మట్టానికి జానెడు కింద కోసేస్తే కోసిన మొదలులోకి నీళ్ళు వెళ్ళి దుంపకి ఊపిరాడదు. మళ్ళీ లేస్తుంది, మళ్ళీ అలాగే కోయాలి. మూడు కోతలకి మాది చాలావరకు చచ్చింది. నీటి పైన కోస్తే మాత్రం కత్తిరించిన గోరింట కంచెలా ఇంకా ఒత్తుగా వస్తుంది. ఉత్తరం గట్టున ఒక పదడుగులు జమ్ము వదిలేశాం, అక్కడ పిట్టలు గూళ్ళు పెడుతున్నాయి.

దిగేవాళ్ళ సంగతి. ఒంటరిగా ఎవరూ దిగొద్దు, గట్టు మీద తాడుతో ఒకరు ఉండాలి. దిగేముందు కర్రతో కొట్టి అలికిడి చేయండి. నీరుకట్టు పాము కరిచినా విషం లేదు, కానీ గట్టు కంపల్లో రక్తపింజర ఉండొచ్చు. కాళ్ళకి పుండ్లు, కోతలు ఉన్నవాళ్ళు దిగకండి. ఇలాంటి నీళ్ళలో ఎలుకల మూత్రం వల్ల ఎలుక జ్వరం, అదే లెప్టోస్పైరోసిస్, వచ్చే ప్రమాదం ఉంది. గమ్‌బూట్లు, గ్లౌజులు వేసుకోండి. తర్వాత రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే డాక్టరుకి కుంటలో దిగిన విషయం చెప్పండి. తాబేలు కనిపిస్తే పక్క నీళ్ళలో వదిలేయండి, పట్టుకుంటే చట్టప్రకారం నేరం.

తీసిన మొక్క మొత్తం తోటకే పనికొచ్చింది. పూత ఉన్నవి వేరు చేసి కంపోస్టుకి, మిగతావి నరికి మామిడి పాదుల్లో ఆచ్ఛాదనగా వేశాం. వేళ్ళు పైకి వచ్చేలా తిరగేసి పరిస్తే వారంలో ఎండిపోతుంది. కంపోస్టుకి అడుగు మందం మొక్క, దాని మీద జానెడు ఎండు మామిడాకు, పేడ నీళ్ళు, ఇలా నాలుగడుగుల ఎత్తు వేసి పదిహేను రోజులకోసారి తిరగేశాం. ఎండాకు కలపకపోతే ముద్దయిపోయి కంపు కొడుతుంది. ఒక హెచ్చరిక: మురుగు నీళ్ళు, ఫ్యాక్టరీ నీళ్ళు కలిసే చెరువులో మొక్కని కూరగాయల మడులకి వాడకండి. సీసం, కాడ్మియం లాంటివాటిని ఇది బాగా పీల్చి దాచుకుంటుంది. పూడిక మట్టి కూడా మంచి ఎరువే, తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయలో రైతులు చెరువు మట్టి ట్రాక్టర్లతో పొలాలకి తోలుకున్నది ఇందుకే. తీసిన వెంటనే చెట్టు మొదట్లో వేయకుండా, రెండు మూడు వారాలు ఎండబెట్టి పలచగా చల్లండి.

తర్వాత ఏమవుతుంది

తీశాక నెల రోజులకి మా నీళ్ళు ఆకుపచ్చ పెయింటులా అయ్యాయి. భయపడకండి. ఇన్నాళ్ళూ మొక్క తిన్న సారాన్ని ఇప్పుడు ఎండ తగిలిన నాచు తింటోంది. మేం కలువ దుంపలు నాలుగు, మట్టి నింపిన ప్లాస్టిక్ టబ్బుల్లో పెట్టి దించాం. అవి నీటి మీద మూడో వంతు నీడ ఇచ్చేసరికి పచ్చదనం తగ్గింది. టబ్బుల్లోనే ఎందుకంటే వాటినీ కుంటంతా పాకనివ్వకూడదు కాబట్టి.

ఫోన్లో ఎక్కువమంది అడిగేది కుంటలో జీవామృతం పోయొచ్చా అని. చేపల కోసం పేడ కొలత ప్రకారం వేసే చెరువులు వేరు. కలుపు తీసి బాగుచేసుకుంటున్న కుంటలో పోయకండి. పేడ, బెల్లం, పిండి అన్నీ నీటిలో ప్రాణవాయువుని లాగేసేవే. మొక్కని తినే చేపలు వదలొచ్చా అంటారు. గడ్డిచేప నీటి లోపలి నాచుని తింటుంది కానీ గుర్రపు డెక్క జోలికి పోదు. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ మాత్రం ఎవరు ఉచితంగా ఇచ్చినా వదలకండి, అది మన దేశంలో నిషేధం. గుర్రపు డెక్కని తినే నియోకెటినా అనే ముక్కు పురుగుని 1980ల్లో మన దేశానికి తెచ్చి వదిలారు. అది పెద్ద చెరువుల్లో ఏళ్ళ మీద పనిచేసే సంగతి. 8 సెంట్ల కుంటకి మన చెయ్యే పురుగు.

ఆ చెయ్యి మాత్రం ఆగకూడదు. గింజలు బురదలో ఇంకా ఉన్నాయి. నేను ప్రతి ఆదివారం పొద్దున చిల్లుల గంపకి పొడుగు కర్ర కట్టి కుంట చుట్టూ ఒక చుట్టు తిరుగుతాను, కొత్తగా మొలిచినవి తీసేస్తాను, పట్టేది ఇరవై నిమిషాలు. మొదట్లో వారానికి వంద, నూట యాభై మొక్కలు వచ్చేవి. పాక గోడ మీద బొగ్గుతో లెక్క రాస్తున్నాను, ఇప్పుడు మా అమ్మాయి రాస్తోంది. మొన్న ఆదివారం లెక్క 11. అందులో 7 ఈశాన్యం మూలవే. పాక కాలువ ఎక్కడో ఇంకా కారుతున్నట్టుంది, ఈ వారం తవ్వి చూడాలి.